మడమ బయటికి

డబ్బా విప్పితే కొత్త రబ్బరు వాసన.
బూట్ల అడుగున ఎర్రటి బిళ్ళలు, మూడేసి మరలు.
పెడల్ మీద పెట్టి ఒత్తితే
టప్‌మని పట్టుకుంటుంది,
పాత బస్సు తలుపుకు గడియ పడినట్టు.

ఏడు రోడ్ల కాడ సైకిలంగడి ఖాజా మొహిద్దీన్
నాలుగు సార్లు చెప్పినాడు:
"కాలు పైకి లాగొద్దన్నా, రాదు.
మడమ బయటికి తిప్పు. అదొక్కటే కిటుకు."
నవ్వినాను.
పంతొమ్మిదేండ్లు డిపోలో
గేరుబాక్సులు దించి ఎక్కించినోన్ని,
నాకు మడమ తిప్పడం చెప్తాడే వీడు!

తెల్లారి నాలుగున్నరకు బయల్దేరితిని.
రాయచోటి రోడ్డు, చీకటి.
లైటు వెలుగులో తెల్లగీత ఒక్కటే
నాకంటే ముందు పోతాంది.
తొక్కడమే కాదు, లాగడం కూడా బలమేనని
నలభై రెండేండ్లకు తెలిసింది.
ఇన్నాళ్ళూ సగం కాలితోనే తొక్కినట్టు,
మిగతా సగం ఊరికే టికెట్టు లేకుండా ఎక్కి తిరిగినట్టు.

గువ్వలచెరువు ఘాటు మొదలయింది.
మలుపు మలుపుకూ లారీల పొగ,
కాలిన బ్రేకు లైనర్ల వాసన.
ఆ వాసన నాకు అన్నం వాసనంత పరిచయం.
వెనకాల ఒక బస్సు మూలుగు.
చూడకుండానే చెప్తాను, ఎనభై ఒకటో నెంబరు,
మొన్న మంగళవారం క్లచ్చి ప్లేట్లు మార్చింది నేనే.
పక్కకొచ్చి ఓబులేసు తల బయటపెట్టి
"ఏమన్నా, డీజిలు అయిపోయిందా?" అని
హారన్ కొట్టి పోయినాడు.
నేను బాగుచేసిన క్లచ్చే నన్ను దాటి పోయింది.

పోనీ.
నవంబరులో పందెం. మొదట సముద్రంలో ఈత,
తర్వాత సైకిలు, ఆ తర్వాత పరుగు.
కడపోనికి సముద్రమెక్కడిది?
నేను ఈత నేర్చింది పెండ్లిమర్రి కాడ మోటబాయిలో,
నడుముకు మునగబెండ్లు కట్టుకొని.
ఎనిమిదో దినం మా అన్న బెండ్ల తాడు కోసేసి
చెప్పకుండా తోసినాడు.
ముక్కులోకి నీళ్ళు పోయిన ఆ మంట
ఈ ఘాటు మీద, చుక్క నీళ్ళు లేని చోట,
మళ్ళీ వస్తాంది.

పైకెక్కినాను.
ఎక్కినానని ఎవరికి చెప్పాలో తెలీక
పాలకోవ అంగడి ముందర ఆపినాను.
ఆపినాననుకున్నాను.
బ్రేకు పట్టినాను, చక్రం నిలబడింది,
కాలు దించబోతే
కాలు లేదు.
ఉంది గానీ నాది కాదు, సైకిలుది.
పైకి లాగినాను. ఇంకా లాగినాను.
ఘాటంతా పడకుండా ఎక్కినోన్ని
చదును నేల మీద,
మెల్లగా, చానా మెల్లగా,
చెదలు తిన్న కరెంటు కొయ్య ఒరిగినట్టు
ఎడమ పక్కకు పడినాను.

పొయ్యి కాడ పాలు తిప్పుతాండే దస్తగిరమ్మ
లేచి రాలేదు. గరిటె ఆపలేదు.
"కాళ్ళు కట్టేసుకున్యావు, యాలబ్బీ?" అనింది.
"బలం కోసం పెద్దమ్మా" అన్నాను, పండుకొనే.
"నేనొచ్చి లేపుదును గానీ
ఇప్పుడు నిలిపితే అడుగంటుతాది.
నువ్వే యిడిపించుకో."

చక్రం ఇంకా గాల్లో టిక్కుటిక్కుమంటాంది.
పాల క్యాను మీద కూర్చున్న పిల్లోడొకడు
పండ్లు తోముకోవడం మర్చిపోయి చూస్తాన్నాడు.
మడమ బయటికి తిప్పినాను.
టప్.
ఇంత చిన్న చప్పుడా.

మోచేతి మీద రక్తం, దుమ్ము.
ఆమె ఎడమచేత్తో ఆకులో కోవ పెట్టి చాపింది.
కుడిచెయ్యి బాండ్లిలో తిరుగుతానే ఉంది.
ఎప్పుడు ఆపాలో ఎట్ల తెలుస్తాదని అడిగినాను.
"గరిటె బరువు చెప్తాది" అనింది,
నన్ను కాదు, పాలనే చూస్తా.

దిగేటప్పుడు ప్రతి మలుపుకూ ముందే
ఊరికే ఒకసారి విప్పి చూసుకున్నాను.
టప్. మళ్ళీ బిగించి, టప్.
కొండకింద ఎండ పడతాంది.
ఎనిమిదికి డ్యూటీ. గేటు కాడ ఓబులేసు ఉంటాడు,
మోచేయి ఏమైందంటాడు.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
జేబులో కోవ సగం మిగిలింది.
నోట్లో పెడితే
అడగడేమో.