అడుగుల చప్పుడుకి

చిలోయే దీవిలో వాన తెరిపివ్వదు.
కిటికీ దగ్గర కూర్చోవడం పిల్లి పని,
మగ్గం దగ్గర కూర్చోవడం నా పని.

"ఎడువీనా, పిల్లిని జైల్లో పెట్టావట!"
రేవులో ఆల్చిప్పలు అమ్మే బెలార్మీనో వేళాకోళం.

నిజమే.
రెండేళ్ళ కిందట ఒక పొద్దున
చుకావో పిట్టని తెచ్చి నా మగ్గం మీద పెట్టింది,
ఇంటద్దె చెల్లించినట్టు.
ఇటుకరంగు గొంతు. ఇంకా గోరువెచ్చని రెక్కలు.
మా దగ్గర చుకావో కుడివైపు కూస్తే ప్రయాణం కలిసొస్తుంది,
ఎడమవైపు కూస్తే వెనుదిరగాలి.
ఆ వారమంతా అడవి అంచున
ఏ వైపూ ఏదీ కూయలేదు.
వెళ్ళాలో మానాలో తేలక నేను సంతకే పోలేదు.
ఆనాడు వేసిన గడియ
సెనీసాకి మళ్ళీ తీయలేదు.

సెనీసా అంటే బూడిద.
పొయ్యిలోంచి లేచి నడిచొచ్చినట్టుంటుంది.

ఇంట్లో ఉండే పిల్లికి గోమార్లు పట్టవనుకున్నాను.
తలుపు మూశాను కదా!
ఆ తలుపు తీసేది నేనేనని మర్చిపోయాను.
బెలార్మీనో కుక్క ఒరుసుకున్న పావడా,
రేవు గడ్డిలో తడిసిన మేజోళ్ళు,
దొడ్డి నుంచి మోసుకొచ్చిన పచ్చి ఉన్ని.

మొదట మెడ కింద గోక్కుంది.
తర్వాత నడుం మీద, తోక మొదట్లో.
దువ్వితే మిరియాల పొడిలాంటి నలకలు.
తడి కాగితం మీద రాల్చాను.
నలుపు కరిగి ఎర్రగా పాకింది.
మురికి కాదది. సెనీసా నెత్తురే,
ఎవరో తాగి వదిలేసింది.

నలభై ఏళ్ళు పడుగుపేకల మధ్య బతికినదాన్ని,
దువ్వెన నాకు కొత్తా?
ఇంత సన్నపళ్ళది మాత్రం కొత్తే.
ఒక్కో దువ్వుకి ఒకటో రెండో.
సబ్బునీళ్ళ గిన్నెలో ముంచితే
ఈత రాని దొంగల్లా మునిగేవి.
సబ్బు మర్చిపోయిన రోజున
నీళ్ళ మీద నిలబడి మళ్ళీ ఎగిరాయి.

నెలకోసారి పడవ దిగే పశువైద్యురాలు యాస్నా
కుక్క మందు పొరపాటున కూడా వద్దంది, పిల్లి చచ్చిపోతుందట.
ముందు బరువు చెప్పమంది.
సెనీసాని ఎత్తుకుని బంగాళాదుంపల కాటా ఎక్కాను,
దించి మళ్ళీ ఎక్కాను.
తేడా నాలుగు కిలోలు.
నా బరువూ తెలిసింది, అది ఎవరికీ చెప్పను.

మెడ వెనక, నాలుక అందని చోట
మందు చుక్కలు.

పిల్లి సరే. ఇల్లో?
అన్నీ వేడినీళ్ళలో ఉతకమంది యాస్నా.
దుప్పట్లు ఉతికాను.
ఉన్ని తివాచీని వేడినీళ్ళలో ముంచితే
మూడు నెలల నేత
బొమ్మకి కప్పే గుడ్డంత అవుతుందని
పాపం ఆవిడకేం తెలుసు!
బడి టీచరమ్మ దగ్గర దుమ్ము లాగే మిషను అరువు తెచ్చాను.
రోజూ తివాచీ, మంచం కింద, పలకల సందులు.
రోజూ సంచి ముడేసి బయట.

మధ్యలో నా తుంటి ఎముక.
కాస్త్రో ఆసుపత్రిలో పదహారు రోజులు.
సెనీసా టీచరమ్మ ఇంట్లో.
ఖాళీ ఇంట్లో ఆకలికి చచ్చుంటాయిలే అనుకున్నాను.

ఊతకర్రతో గడప దాటి
మొదటి అడుగు వేశాను.
చెక్క నేల కిర్రుమంది.
సందుల్లో, గూళ్ళలో, చీకట్లో
ఆ చప్పుడు కోసమే పడుకున్నవన్నీ
ఒక్కసారిగా లేచి నా పిక్కల మీదికి ఎగిరాయి.

నోటికొచ్చినట్టు తిట్టాను.
తర్వాత నవ్వొచ్చింది.
పదహారు రోజుల తర్వాత
నా అడుగు విని ఎదురొచ్చినవాళ్ళు
వాళ్ళొక్కరే.

మళ్ళీ మిషను. మళ్ళీ సంచి. మళ్ళీ చుక్కలు.
ఎండాకాలం వచ్చేసరికి
తడి కాగితం తెల్లగానే ఉండిపోయింది.

ఈ సాయంత్రం అడవి అంచున చుకావో కూసింది.
నాకు ఎడమవైపు.
ఎదురుగా కూర్చున్న సెనీసాకి
అది కుడి.
ప్రయాణం కలిసొస్తుందట దానికి!
లేచి, ఒళ్ళు విరుచుకుని,
గడియ వైపు చూసింది.

నేను దువ్వెన అందుకున్నాను.