పెద్ద సగం

బ్లైన్‌వెర్న్ బడి, నాలుగో తరగతి.
బొగ్గు నుసి కలిసిన వాన
చెదిరిన కాటుకలా కిటికీ అద్దం మీంచి దిగుతోంది.
ఒక కేకు, ఇద్దరు పిల్లలు, ఎవరికెంత?
నల్లబల్ల మీద నేనే రాసిన ప్రశ్న.
గెథిన్ ప్యూ జవాబు:
మా చెల్లికి బిగ్గర్ హాఫ్.

ఎర్ర పెన్సిల్ తీశాను.
సగాల్లో పెద్దా చిన్నా ఉండవురా,
ఉంటే అవి సగాలు కావు, వట్టి ముక్కలు.

"అందరూ అంటారు టీచర్.
మా నాన్న అంటాడు, పాలబండి ఎల్విన్ అంటాడు.
చాపెల్లో ప్రసంగం చేసే ఆయన కూడా
జీవితంలో పెద్ద సగం
నిద్రలోనే పోతుందన్నాడు."

అందరూ అంటే మాత్రం లెక్క మారుతుందా?
పదిసార్లు రాయించాను.
రెండు సగాలూ సమానం. రెండు సగాలూ సమానం.
ఏడోసారికి వాడి అక్షరాలు
ఒక పక్కకి ఒరిగిపోయాయి.

మరుసటేడు గనిలో సమ్మె.
చలికాలానికి కార్మికుల హాలే వంటిల్లయింది.
లెక్కల మనిషిని కదా, కత్తి నా చేతికిచ్చారు.
బ్రెడ్ పుడింగుని స్కేలు పెట్టి కోశాను,
రెండంగుళాలకి రెండంగుళాలు.
ఆడవాళ్ళు నవ్వారు. చాలా రోజుల తర్వాత.

డిసెంబరులో ట్రేలు తగ్గాయి, ఇద్దరికి ఒక ముక్క.
గెథిన్ వంతు వచ్చింది.
ముక్క నట్టనడుమ బొటనవేలు ఆనించాడు.
నా పాఠం గుర్తుందని
లోపల్లోపల మురిసిపోయాను.
ఆ తర్వాత వేలిని
తన వైపుకి జరిపాడు,
ఎండుద్రాక్ష ఒక్కటి పట్టేంత.
అప్పుడు విరిచాడు.
నెస్టా అది చూడలేదు,
ఇంకో ట్రే ఉందేమోనని నా వెనక్కి చూస్తోంది.

అసలు కంటే కొసరు ముద్దు.
అన్నేళ్ళూ నేను అసలే చెప్పాను.
ఆ ఎండుద్రాక్షకి
నా సుద్దముక్క దగ్గర గుర్తు లేదు.

అలాగని వాణ్ణి దేవుణ్ణి చెయ్యను.
వారం తిరక్కుండా పందెం కాసి
అదే చెల్లి ఉన్ని తొడుగు కాలవలో పడేశాడు,
ఒకటే. రెండోది ఆ పిల్ల
చలికాలమంతా చేతులు మార్చి మార్చి వేసుకుంది.

ఇప్పుడు వాడిది టైర్ల కొట్టు. బట్టతల.
మొన్న నా కారు టైరు మార్చి చిల్లర ఇచ్చాడు,
ఇరవై పెన్నీలు తక్కువ.
రెండుసార్లు లెక్కపెట్టాను.
"ఏమైంది టీచర్?"
"ఏం లేదు. నెస్టా ఎలా ఉంది?"
"ఇల్లు అమ్మేసింది.
సామాన్లలో పెద్ద సగం నా షెడ్డులోనే పడుంది."

నోటిదాకా వచ్చింది.
మింగి, తలుపేసుకుని, బండి తీశాను.
వాన.
రెండో వైపరు ఎప్పుడో పాడైంది.
అద్దంలో పెద్ద సగం కనిపిస్తోంది.
చాలు, ఇల్లు దగ్గరే.