రెండో మనిషి

తాలూకా బోర్డోరు నాకు అప్పజెప్పినవి మూడు:
సున్నం కొట్టిన బండి,
ఒంటికొమ్ముదొకటున్న ఎడ్ల జత,
గీతలు గీసిన పుస్తకం.
‘పాలకొండ ఆస్పత్రి బండి, తోలువాడు గేదెల సింహాచలం’
అని అట్ట మీద గుమస్తా రాసినాడు.
నాకు సదువు రాదు. నా పేరని సెప్తే నమ్మినాను.

బండికి రెండు పక్కలా ఎర్రరంగుతో
ఒక అడ్డగీత, ఒక నిలువుగీత.
కిరస్తానం బండన్నారు కొందరు.
యముడి బండన్నారు మిగతావోళ్లు.
నాను మలుపు తిరిగేసరికి తలుపులు మూసీసేవోరు.
ఆళ్ల తప్పేటి?
ఆ ఏడు కలరా ముందొచ్చినాది, బండి ఎనకొచ్చినాది.

శానిటరీ ఇనస్పెక్టరు నూతుల్లో మందు కలిపించినాడు.
నీళ్లు దానిమ్మ రంగు తిరిగితే
“మా నూతికి సమర్తయ్యిందేటి బాబూ” అని
సాలివీధి ముసిల్ది పకపకా నవ్వింది.
మూడోనాడు నా బండెక్కింది ఆమే.
తోవంతా నవ్వనేదు.

పుస్తకంలో గడులు: ఊరు, మైళ్లు, మనిషి, బాడుగ.

వీరఘట్టం అవతల నుంచి ఓ రేత్రి
మండంగి సుక్కమ్మని తెస్తన్నాను.
కొండ దిగేదాకా డోలీ. దిగినాక నాను.
గెడ్డ ఇసకలో చక్రం కూరుకుపోనాది.
ఆమె మొగుడూ నానూ భుజాలిచ్చి తోస్తన్నాం.
పైన ఆమె కూడా తోస్తంది.
చక్రం కదల్నేదు.
పిల్లడు కదిలినాడు.
లాంతరు మంట మీద కత్తి కాల్చి బొడ్డు కోసినాం,
నా తలపాగా చింపి చుట్టినాం.
ఒంటికొమ్ముది మెడ తిప్పి సూసింది,
ఇంకో బరువా అన్నట్టు.

ఆస్పత్రికాడ కాంపౌండరు నిద్రమొకంతో రాసినాడు:
ఎక్కినది ఒకటి. దిగినవి రెండు.

సంవత్సరాఖరికి జిల్లా కచేరీ నుంచి తనికీ.
ఆ గడి పక్కన ఎర్రసిరా:
“రెండవ మనిషి ఏ గ్రామమున ఎక్కెను?
బాడుగ ఏల వసూలు కాలేదు?”
గుమస్తా సదివి నా మొకం సూసినాడు.

ఏటి సెప్పను?
ఒకరెక్కి ఎవరూ దిగని రోజులు
అదే పుస్తకంలో ఇరవై మూడున్నాయి.
ఆటి పక్కన సిరా చుక్క నేదు.
బాడుగ సరిపోనాది కాబోలు.

“గెడ్డలో ఎక్కినాడని రాయండి బాబూ,
నా జీతంలో పట్టుకోండి” అన్నాను.
అణాన్నర పట్టుకున్నారు.

బండి ఎప్పుడో వేలమయిపోనాది,
ఎద్దులూ పోనాయి.
ఆ పుస్తకం కచేరీ అటక మీద ఉంటే, తెచ్చి నా ముందర పెట్టండి.
సిరా అవతలి కాగితంలోకి ఊరిన చోటుంది,
ఏలు పెట్టి సూపిస్తాను.
నాకు సదవనొచ్చిన గడి
అదొక్కటే.