పుట్టిన సంవత్సరం

వెర్నా గారికి కంప్యూటర్ లేదు.
తెల్లవారుజామున మూడింటికి ఆమె పేరు నేనే కొడతాను.
పుట్టిన సంవత్సరం దగ్గరే ఆలస్యం.
వేలు కిందికి, ఇంకా కిందికి,
నా పుట్టుక దాటి, మా అమ్మ పెళ్లి దాటి,
ఒక యుద్ధం మొత్తం దాటి
1939 చేరేసరికి
ఖాళీల్లేవంటుంది తెర.

పదకొండో రాత్రి దొరికింది.
ఓగలాలాలో. లింకన్ నుంచి రెండు వందల డెబ్భై మైళ్లు,
మంచు, ఫ్లాస్కులో చారు,
మాస్కుల వెనక సగం సగం మాటలు.

పశువుల పోటీల షెడ్డు. గడ్డి వాసన ఇంకా పోలేదు.
ఏ చేతికని నర్సు అడుగుతుంటే
వెర్నా పైకప్పు దూలాలు చూస్తోంది.
"పద్నాలుగేళ్లప్పుడు ఇక్కడే
నా పెయ్యకి రెండో బహుమతి."

తిరుగు దారంతా
కోటుకి అంటించిన గుండ్రటి కాగితాన్ని
తడుముకుంటూనే ఉంది.
మరి నీకెప్పుడని
నార్త్ ప్లాట్ దాటాక అడిగింది.
వైపర్ల వేగం పెంచాను.