సంచిలో పట్టని డేరా

డేరా తబస్సుమ్ వాళ్ళ మరిది దగ్గర అరువు.
ఒక కడ్డీ తక్కువ.
బదులుగా మా ఇంటి బూజుకర్ర
మెహదీపట్నం నుంచి బస్సులో నిటారుగా పట్టుకుని కూర్చున్నాను,
జెండా లేని జెండాకర్రలా.
"ఆడోళ్ళకు ఫ్రీ, కట్టెకు టికెట్ కొట్టాలె" అన్నాడు కండక్టర్.

ఇరవై రెండేళ్లుగా
జలమండలి రెండో అంతస్తులో పక్కపక్క కుర్చీలు మావి.
గండిపేట నీళ్లకు బిల్లులు, బకాయిలకు నోటీసులు.
గండిపేట మాత్రం ఎప్పుడూ చూళ్లేదు.
ఎవరైనా వింటే నవ్వుతారని
కట్ట ఎక్కగానే మేమే ముందు నవ్వేశాం.

నీళ్లు మమ్మల్ని గుర్తుపట్టలేదు.
అన్ని నీళ్లు,
ఏ మీటరూ లేకుండా
ఊరికే గాలికి అటూ ఇటూ పొర్లుతూ.

కట్ట దిగి నడిచాం.
తుమ్మలు, సీతాఫలం పొదలు,
ఆడుకుంటున్న పిల్లల్ని మధ్యలో అన్నానికి పిలిస్తే
వదిలేసి పోయినట్టు
ఒకదాని మీదొకటి గుండ్లు.
తబస్సుమ్ ముందు. ఆమెకు మోకాళ్లున్నాయి.
నాకు మోకాళ్ల నొప్పులున్నాయి.
"ఇంకెంత దూరం" అని పదిసార్లు అడిగాను.
పదకొండోసారి ఆగి, బ్యాగులోంచి ఉస్మానియా బిస్కెట్ తీసి
మాట్లాడకుండా నా చేతిలో పెట్టింది.

డేరా నిలబెట్టడానికి గంటన్నర.
మెత్తటి నేల చూసి మేకులు దించమని కాగితంలో ఉంది.
ఆ కాగితం రాసినవాడు దక్కన్‌లో ఒక్క రాత్రీ పడుకోలేదు.
తాళ్లకు రాళ్లు కట్టాం.
నడుమ బూజుకర్ర,
సాలెగూళ్లు కాక ఇన్నాళ్లకు దానికీ వేరే పని.

పొద్దు గూకుతుండగా గొర్రెల్ని తోలుకుంటూ ఒకాయన.
పేరు బీరయ్య అని తర్వాత చెప్పాడు.
ముందు అడిగింది,
"ఇల్లు లేదామ్మా మీకు?"
ఉంది.
"కొట్లాడి వచ్చిన్రా?"
లేదు.
"మరి?"

మరి.
ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.
మేం నింపే ఏ ఫారంలోనూ ఆ గడి లేదు.
"ఊరికే" అంది తబస్సుమ్ చివరికి.
"ఊర్కెనా..." అని కాసేపు గొర్రెల వంక చూసి
"మంచిదే" అంటూ చాయ్‌కి కూలబడ్డాడు.
నలభై ఏండ్ల సంది బయటనే పంటున్న,
దాన్ని సెలవని ఎవ్వరు అనలే, అన్నాడు.
అని తనే నవ్వాడు.
నేను అతని గ్లాసులో ఇంకో చెంచా చక్కెర వేశాను.
అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

మేం వీపు ఆనించిన గుండు మీద
ఎర్ర రంగుతో పదిహేడు.
ఏంటిది అంటే "లెక్క" అన్నాడు,
"సార్లు వచ్చి వేసిపోయిన్రు."
ఇంకేం అడగలేదు.
నంబరు పడ్డాక ఏం వస్తుందో
మా ఇద్దరికంటే ఎవరికి తెలుసు.

రాత్రి కోకాపేట వైపు దీపాల గుట్టలు
ఆకాశాన్ని సగం దాకా తినేశాయి.
మిగిలిన సగంలో చుక్కలు వెతికాం.
తబస్సుమ్ గురక మొదలయ్యాక
చెయ్యి బయటికి చాపి బండ మీద పెట్టాను.
పొయ్యి ఆర్పినా చల్లారని పెనంలా
లోపల ఇంకా పగలుంది.

తెల్లారి ఆమె బండ మీదే చున్నీ పరుచుకుని నమాజుకు నిలబడితే
స్టవ్ చప్పుడు కాకుండా ఉప్మా కలిపాను.
మాడింది. తిన్నాం.
రెండో రాత్రి వాన.
బూజుకర్ర ఒరిగి డేరా మా మీద పడితే
ఆ తడిగుడ్డ కింద
తెల్లారేదాకా నవ్వుతూనే ఉన్నాం,
ఎందుకో ఒకటి రెండుసార్లు ఏడ్చాం కూడా.

మలక్‌పేటలో మా మేడ మీద ఆరేశాను.
మడతలోంచి ఒక గండుచీమ దిగి
పిట్టగోడంతా తిరిగింది, దేని కోసమో.
ఎటు మడిచినా డేరా సంచిలో పట్టదు.
ఆఫీసులో తబస్సుమ్ రోజూ గుర్తుచేస్తోంది,
మరిది అడుగుతున్నాడని.
ఇంకా తడి ఆరలేదని చెబుతున్నాను.

కిటికీ బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.
ఆమె ఆ ఎండ వైపు ఒకసారి చూసి
సరేనంటుంది.