దండెం తాడు

రాజాం పాతినుం కొట్లో కొన్న లేతు
మూణ్ణెల్లు పశువులసాలలో
గోనెపట్టా కప్పుకు పడుంది.

ఇంటికి త్రీఫేజేటి బావూ, అన్నాడు లైన్‌మేన్.
నాలుగు స్తంభాలకి ఎస్టిమేటు రాసిచ్చాడు.
లేతు కన్నా స్తంభాలే ప్రియం.

మూలనపడ్డ బెల్లం గానుగ మోటారు తెచ్చాను.
రెండు తీగలకి గుర్రుమంటాది, కదల్దు.
కప్పీకి దండెం తాడు చుట్టి
మా సింహాలమ్మ కుచ్చిళ్ళు దోపి
నూతిలో చేద తోడినట్టు
ఒక్క లాగు లాగింది.

లేచింది.
స్తంభం ఇవ్వని మూడోది
దాని కడుపులోంచి పుట్టింది.

లేతు తిరిగింది,
ఎదురు.
రెండు తీగలు మార్చాను.
ఇనుం నీలంగా సుట్టలు సుట్టుకుని రాలతా ఉంటే
పక్కింట్లోంచి కేక:
మా బల్బు మినుకుతాంది!

పని లేని రోజు
ఆ తాడు మీద మా బట్టలారతాయి.