కోర్టు లేచేదాకా

ఎనభై నాలుగులో ఆ పేరు
మూడుసార్లు పిలిచింది నేనే:
"ముద్దాయి దారివేముల సువార్త!"
మూడో పిలుపుకి వచ్చింది,
భుజాన లా కాలేజీ సంచీ, బొంగురు గొంతు.
మిర్చి యార్డు గేటుకి అడ్డంగా పడుకొని
తొడాలు తీసే ఆడవాళ్ళ కూలి
కిలోకి పది పైసలు పెంచమని అరిచిందట.
తుమ్ముల మధ్య సాక్షులేం చెప్పారో
ఎవరికీ అర్థం కాలేదు. కేసు కొట్టేశారు.

తర్వాత నల్లకోటు. రేపల్లె, కందుకూరు, ఎక్కడెక్కడో.
నా రిటైర్మెంటుకి ఏడు నెలల ముందు
అదే గుంటూరు, అదే హాలు.
ఇప్పుడా పేరు నోటితో అనకూడని ఉద్యోగం నాది.

మళ్ళీ యార్డు గేటు. పన్నెండు మంది ఆడవాళ్ళు.
చీరల్లోంచి ఘాటు లేచి
ప్లీడర్లు, పోలీసులు, బెంచి గుమాస్తా, నేను,
అందరం తుమ్ములే.
మేడం తుమ్మలేదు.

"గేటు ఆపారా?"
"ఆపాం," అన్నారు.
"మళ్ళీ ఆపుతాం," అంది పెద్దామె.
పెన్ను కాసేపు కాగితమ్మీదే నిలబడింది.
వంద జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష.

వెంటనే లేస్తుందనుకున్నాను.
భోజనానికైనా లేవలేదు.
లేస్తే వాళ్ళు పోతారు గదా,
ఎందుకీ మొండితనమని కోపమొచ్చింది నాకు.
ఫ్యాను కింద, బెంచీ మీద
పెద్దామె గురక.
పట్టపగలు ఆ మనుషులు ఒరగడం
నేనెప్పుడూ చూళ్ళేదు.

ఐదింటికి మోకాలు పట్టుకొని లేచింది మేడం.
ఆమెని లేపమని నాకు సైగ,
మెల్లగా, అన్నట్టు.
ముప్పై ఏళ్ళు గొంతు చించుకున్నవాణ్ణి
పేరు పిలవలేదు, భుజం తట్టాను.

రాత్రి కన్ను నలుపుకుంటే
ఒకటే మంట.